అరకు కొండలలో ఒంటియాకు

రెండేండ్ల క్రిందట వైశాఖమాసమున, విశాఖపట్టణమునందలి మా యింటి పెరటిలో, చెత్త పోగువేయు మూలయందు మూడు పూలకాడలు కనబడినవి. ఆకు లేదు, కొమ్మ లేదు. జానెడు పొడవున సన్నని కాడలు నేలనుండి తిన్నగా లేచి, ఒక్కొక్కదాని కొనను రెండేసి పూవులు తల వాల్చుకొని యుండెను. రేకులు సన్ననివి, ఆకుపచ్చయు గోధుమవన్నెయు కలిసిన మాసిన రంగు. నడుమ నొక రేకు మాత్రము లేత గులాబిరంగున, ఊదా నరములతో, చిన్న నాలుకవలె ముందునకు చాచుకొని యుండెను. ముందటి రాత్రి ఉరుములతో వాన కురిసినది. గుమ్మడి తొక్కలు, టీపొడి, కొబ్బరిపీచు, ఎండిన మల్లెకొమ్మలు, వీని నడుమ ఈ పూవు లెట్లు వచ్చినవో నాకు బోధపడలేదు. ఒక కాడను త్రుంచి పాత పంచాంగము పుటల నడుమ నొత్తిపెట్టితిని.

మరి వారమునకు అరకు దాపున నున్న మా ఆడబిడ్డగారి యింటికి నా ప్రయాణము. వదినగారికి మొక్క లనిన ప్రాణము. ఆమెను అడిగి తెలిసికొందమని ఆ పంచాంగమును పెట్టెలో పెట్టుకొంటిని. ఆ పువ్వు నా మీద సాక్ష్యము చెప్పుటకు వచ్చుచున్నదని నే నెరుగను.

విశాఖనుండి అరకు పోవు రైలుబండి ఉదయము ఏడు గంటల ప్రాంతమున బయలుదేరును. సుమారు నాలుగు గంటల ప్రయాణము. కొత్తవలసనుండి కిరండూలువరకు సాగు ఈ దారిని 1960 దశకమున బైలడిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై వేసిరి. మనవంటివారి విహారమునకై వేసినది కాదు. ఇప్పటికిని మన బండి ఒక ప్రక్కకు తొలగి నిలుచుండగా, ఎర్రదుమ్ము నిండిన ఖనిజపు బండ్లు గర్వముగా దిగిపోవుచుండును. అద్దాల కప్పు గల పెట్టె యొకటి 2017లో ఈ దారిలోనికి వచ్చినది గాని, నేను మామూలు పెట్టెలోనే కిటికీ ప్రక్కను కూర్చుంటిని. గాలి తగులని కొండప్రయాణము నాకు రుచింపదు.

శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరగానే కొండ మొదలగును. దారి మొత్తము మీద 58 సొరంగములున్నవని చెప్పుదురు. ప్రతి సొరంగములోను పిల్లలు కేకలు వేయుదురు గనుక లెక్క తప్పదనుకొంటిని. కాని ముప్పదియవదాని దగ్గర చిమిడిపల్లి లోయ కంటబడి లెక్క మరచితిని. బొర్రా గుహల స్టేషనులో సగము బండి ఖాళీ అయినది. పనసతొనల బుట్టలతో ఆడువా రెక్కిరి. పెట్టెయంతయు ఆ వాసనయే. సిమిలిగూడ దగ్గర సముద్రమట్టమునకు వేయి మీటర్లకు కొంచెము తక్కువ ఎత్తున నుందుము. అక్కడ చెవులకు గాలి చల్లగా తగులును. ఉదయము విశాఖలో చెమటతో తడిసిన రవికె ఇచ్చట నారి చల్లబడినది.

ఈ మన్యప్రాంతము 2022 ఏప్రిలునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. వదినగారి యిల్లు సుంకరమెట్ట వైపున. అన్నయ్యగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న పిమ్మట అచ్చటనే నిలిచిపోయిరి. ఇంటివెనుక అరయెకరము కాఫీతోట. పైని సిల్వరుఓకు చెట్లు నిలువుగా లేచి యుండును. వానికి మిరియపు తీగలు పెనవేసికొని యుండును. వాని నీడలో కాఫీమొక్కలు. అవి కూడ ఎండకు తాళలేని జాతియే. నేలపై ఏండ్ల తరబడి రాలిన ఆకు కుళ్లి, నల్లగా, మెత్తగా, అడుగు వేసిన పరుపువలె అణగును. ఆ నేలను చూచినప్పుడే నా కొక సంగతి తోచవలసినది, తోచలేదు.

రాత్రి భోజనములైన పిమ్మట పంచాంగము తీసి వదినగారి ముందుంచితిని. ఆమె కండ్లజోడు పెట్టుకొని చూచి, వెంటనే, "ఇది అమ్మ ఒంటియాకు గదా! పూచినదా? నీ వెప్పుడును పూసినదని చెప్పలేదే!" అని సంతోషముతో నా చేయి పట్టుకొనిరి.

నాకు నోట మాట రాలేదు.

మా అత్తగారు ఆ ముందటి ఆశ్వయుజమున స్వర్గస్థులైరి. పెరటి మొక్కలన్నియు ఆమె చేతిలోనివే. వానిలో వెడల్పైన మట్టికుండీ యొకటి యుండెడిది. దానిలో వానకాలమున నేలకు కరచుకొని గుండ్రని ఆకులు పరచుకొనెడివి. ముదురాకుపచ్చ మీద ఊదాగోధుమరంగు మచ్చలు, విసనకర్రవలె మడతలు, పైని సన్నని నూగు. ఒక్కొక్క దుంపకు ఒక్కటే ఆకు గనుక ఆమె దానిని ఒంటియాకు అనెడివారు. అది ఇంటి పేరే గాని శాస్త్రపు పేరు కాదు. కార్తికము దాటగానే ఆ కుండీని మేడమెట్ల క్రింద పెట్టి, "దాని జోలికి పోకమ్మా, నిద్రపోవుచున్నది" అనెడివారు. వయసు మీరినవారి ముచ్చట అనుకొంటిని. పెరటిపని నాది కాదు, వంటయిల్లు నాది. అందుచే ఆ మొక్క ఎప్పుడు లేచునో, ఎప్పుడు పూచునో నేను చూడనే లేదు.

వారు పోయిన తరువాత మార్గశిరమున ఆ ఆకులు పసుపుబారినవి. ఆమె మొక్క ఎండిపోవుచున్నదని నేను రెండు పూటల నీళ్లు పోసితిని. ఎంత పోసిన నంత త్వరగా పోయినది. ప్రక్కింటావిడ వచ్చి, "ఆ మచ్చ లప్పుడే చూచితిని, తెగులండీ, తక్కిన కుండీలకు కూడ అంటును" అనిరి. పుష్యమాసమున ఒకనాడు కుండీని బోర్లించి మట్టినంతయు చెత్తమూలను వేసితిని. కుండీలో కొత్తిమీర చల్లితిని.

ఇదంతయు వదినగారికి చెప్పవలసి వచ్చినది. తల్లి పోయి ఏడాది తిరుగని కూతురు. ఆ మొక్కను తల్లికి తానే ఈ పెరటినుండి ఇచ్చినదని నా కప్పుడే తెలిసినది. ఆమె చాలసేపు ఆ ఎండిన పువ్వునే చూచుచుండిరి. తుదకు అడిగినది ఒక్కమాట: "ఆ చెత్తకుప్ప ఇంకను ఉన్నదా?"

అంతట నాకు గుండె జల్లుమన్నది. వానలు రాకముందే ఆ మూల శుభ్రము చేయించవలెనని మావారితో చెప్పి వచ్చినది నేనే! వెంటనే ఫోను చేసితిని. "నిన్ననే మనిషిని పిలిచి సగము ఎత్తించితిని, మిగిలిన సగము రేపు" అని మావారు ఉత్సాహముగా చెప్పిరి. ఏ సగము ఎత్తించిరో వారికి తెలియదు. రేపటి మనిషిని రావద్దని చెప్పుడని మాత్ర మడిగితిని.

వదినగారు నన్నొక్క మాటయు అనలేదు. పండుకొనబోవుచు, "నీవు పారవేయుటయే దానికి మేలైనదేమో! కుండీలో నుంచి ఇంకొక నెల నీళ్లు పోసియున్నచో దుంప కుళ్లిపోయెడిది" అనిరి. ఓదార్పునకై అన్నమాట అనుకొంటిని. తరువాత తెలిసికొనగా అదియే నిజము.

మరునాడు ఉదయము తోట దాటి కొండవాలునకు పోయితిమి. అడ్డాకు కోయుటకు వచ్చిన ముసలమ్మ యొకతె మాతో నడచినది. అడ్డతీగ ఆకులతో కుట్టిన విస్తళ్లు మన యిండ్లలో నెరుగనివారు లేరు; అవి ఇట్టి చేతులనుండియే వచ్చును. ఆమె ఒక బండప్రక్కను నిలిచి, "ఇక్కడ సూడమ్మా" అనెను. నాకు ఎండుటాకులు తప్ప ఏమియు కనబడలేదు. వంగి చూడగా, ఆ ఎండుటాకుల రంగులోనే, ఆ పూవులే! ఒకటి కనబడిన తరువాత ఇరువది కనబడినవి. "ఆకున్నప్పుడు జాగా గురుతెట్టుకోవాల. పువ్వప్పుడు ఆకుండదు, ఆకప్పుడు పువ్వుండదు" అని చెప్పి ముసలమ్మ తన దారిని పోయినది. ఎన్ని పుస్తకములు చదివినను ఇంతకంటె సూటిగా చెప్పుట కష్టము.

అన్నయ్యగారు ఇంటికి వచ్చిన తరువాత శాస్త్రపు పేరు చెప్పిరి: నెర్వీలియా ప్లికాటా. లాటినుభాషలో మొదటి మాటకు మూలము నరము. రెండవదానికి మడతలు గలది అని యర్థము. ఆకును చూచి పెట్టిన పేరే గాని పువ్వును చూచి కాదు. ఇది ఆర్కిడ్ కుటుంబములోనిది. ఆర్కిడ్లనగా చెట్లకొమ్మలను పట్టుకొని వ్రేలాడునవియే యని నే ననుకొంటిని. కాని 2019లో భారత వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవారు ప్రకటించిన పట్టికలో మన దేశపు ఆర్కిడ్లు 1,256 జాతులు. వానిలో 447 నేలపై పెరుగునవే. మనము పాయసములకు, ఐసుక్రీములకు వేసికొను వనిల్లా కూడ ఈ కుటుంబపు తీగ కాయయే.

మన తెలుగునేల ఆర్కిడ్లకు బొమ్మలు వ్రాయించినవాడు రాక్స్‌బరో అను దొర. 1781నుండి పండ్రెండేండ్లపాటు సామర్లకోటలో తోట వేసి, మన సర్కారు జిల్లాల మొక్కలను దేశీయులగు చిత్రకారులచేత వ్రాయించెను. కోరమాండలు తీరపు మొక్కల పేర 1795నుండి 1820వరకు మూడు సంపుటములలో 300 చిత్రములు వెలువడినవి. పలు మొక్కలకు తెలుగుపేర్లు కూడ వ్రాసికొనెను. వదినగారి పెరటిలోనే కాఫీమొదళ్ల వద్ద గొడుగుకర్ర పిడివలె వంగిన కాడతో తెల్లని పూగుత్తి వేయు నేల ఆర్కిడ్ మరియొకటి యుండెను. జియోడోరము దాని పేరు. ఆ జాతి రాక్స్‌బరో పుస్తకమునకు ఎక్కినది. ఆ చిత్రకారుల పేర్లు మాత్రము పుస్తకముమీద లేవు.

ఇక గుర్తుపట్టు విధము. నేను మోసపోయినట్లు సోదరీమణులు మోసపోకుండుటకై కొంచెము విస్తరించి చెప్పెదను.

మచ్చల ఆకుతో నేలనుండి లేచు మొక్కలు చాల గలవు. వానిలో ఎక్కువ భ్రమ కలిగించునది భూచంపకము. అదియు వేసవి చివర ఆకు లేకుండ నేలలోనుండి పూచును. దాని ఆకునకును వెండిమచ్చలు, క్రింద ఊదారంగు. అయినను రెంటికిని పోలిక అంతటితో సరి. భూచంపకము అల్లము, పసుపుల చుట్టము. దుంపను గోటితో గీరిన ఘాటైన వాసన వచ్చును. సున్నిపిండిలో కచ్చూరములు వేసికొను మనకు ఆ వాసన క్రొత్త కాదు. ఆకులు రెండు మూడు నిలువుగా కోలగా లేచును. నడుమ నొకే యీనె, దానినుండి ప్రక్కయీనెలు. పువ్వు నేలకు అంటుకొని తెల్లగా, ఊదాగా, పెద్దదై, పరిమళించును. ఒంటియాకు దుంప గుండ్రముగా, తెల్లగా, గోలికాయంత యుండును. అల్లపు ఘాటు లేదు. ఆకు ఒక్కటే; అది హృదయాకారముగా గుండ్రనై అరచేయి వెడల్పున నేలపై పరచుకొనును. యీనెలు తొడిమ దగ్గరనుండి విసనకర్ర పుల్లలవలె విడిపోవును. పువ్వు తెచ్చి చూచినచో, ఆర్కిడ్లన్నింటను వలెనే, ఒక రేకు తక్కినవానికి భిన్నమై పెదవివలె నుండును. కేసరములును కీలమును వేరువేరుగా గాక ఒకే చిన్న స్తంభముగా అతుకుకొని యుండును. పుప్పొడి పొడిగా రాలక ముద్దలుగా నుండును. మందారపువ్వులో చూచినట్లు కేసరములు వెదకిన కనబడవు.

మచ్చలు తెగులా యను సందేహము ప్రక్కింటావిడకే గాదు, ఎవరికైనను కలుగవచ్చును. వైరసు తెగులు పట్టిన ఆకు ముడుచుకొని, పాలిపోయిన చారలతో వికారముగా పెరుగును. క్రొత్తయాకు పాతదానికంటె చిన్నదగును. ఒంటియాకు మచ్చలు పుట్టుకతో వచ్చినవి. యీనెల నడుమ అదుపుగా అమరియుండును. ఏటేట అట్లే వచ్చును. ఒక మొక్కకు ఊదారంగు హెచ్చు, మరొకదానికి బూడిదపచ్చ హెచ్చు. వదినగారి వాలులో రెండు రకములును ప్రక్కప్రక్కనే యుండును. అడవి అడుగున, వెలుతురు చాలని చోట పెరుగు మొక్కలలో ఇట్టి ఊదారంగు ఆకు లనేకములకు కలదు. చెట్ల సందులనుండి ఒక్కసారిగా పడు ఎండ చురుకునుండి అది కాపాడునని కొందరు, పశువుల కంటికి ఎండుటాకువలె తోపించునని కొందరు శాస్త్రజ్ఞు లందురు. నా కంటికి ఎండుటాకువలెనే తోచినది గనుక రెండవమాట నాకు నచ్చినది.

దుంపల సంగతి విచిత్రమైనది. ఈ యేడాది ఆకును మోసిన దుంప వచ్చే యేడాదికి ఉండదు. వానకాలమున ఆ ఆకు వండిన యాహారమంతయు సన్నని తెల్లని ఊడల వెంట పోయి వాని చివరలను క్రొత్తదుంపలగును. పాతది ముడుచుకొని పోవును. కనుక మొక్క ఏటేట నాలుగు వ్రేళ్ల దూరము నడచుచున్నదన్నమాట. ఆకు ఒక్కటే గనుక దానిని నత్త తినినచో ఆ యేటి పంట అంతయు పోయినట్లే.

విత్తనములు వేసి పెంచుదమన్న మనవలన గాదు. పువ్వు ఫలదీకరణమైన తరువాత కాడ ఇంకను పొడవుగా లేచి, కాయ పగిలి, ధూళివంటి విత్తనములు గాలిలో పోవును. ఆ విత్తనములో మొలకకు తిండి లేదు. మన్నులో ఒక జాతి బూజు దానిలో ప్రవేశించి తిండి పెట్టిననే అది మొలచును. వేలకొలది విత్తనములలో ఏ కొన్నియో నిలుచును. ఈ మాట విన్న తరువాత ఆ వాలున చూచిన ఇరువది కాడల వెనుక ఎన్ని యేండ్లున్నవో నాకు అర్థమైనది.

"వదినా, ఒక్క దుంప త్రవ్వుకొని పోనా?" అని అక్కడ అడిగితిని. "అడవిది అడవిలో ఉండనిమ్ము" అని ఆమె ఖండితముగా చెప్పిరి. రక్షితారణ్యములలో త్రవ్వుట నేరము కూడ. పర్యాటకులు వచ్చి సంచులలో పెట్టుకొని పోయిన మొక్కలు పట్టణములలో ఒక వేసవియైనను దాటవని, ఒక్కొక్క గుంపు ఈ విధముగనే పోయినదని ఆమె బాధపడిరి. ఆమె పెరటిలోని దుంపలు మాత్రము ఇంటివి. ఇచ్చుటకు అభ్యంతరము లేదు. "కాని ఇప్పుడు కదపరాదు. మాఘమాసమున వచ్చి తీసికొనుము. ముందు నీ చెత్తకుప్ప చూచుకొనుము" అనిరి.

మూడు దినము లెట్లు గడిచినవో! పద్మాపురపు తోటకు తీసికొనిపోయిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కాయగూరలు పండించుటకై వేసిన తోటయట. ఇప్పుడు గులాబీలు, చెట్లమీది గదులు. నే నేమియు సరిగా చూడలేదు. మనస్సంతయు మా పెరటి మూలనే.

ఇంటికి వచ్చి చూడగా కుప్పలో కుడివైపు లేదు, ఎడమవైపు మిగిలినది. నేను కాడ త్రుంచినది నడుమను. మావారు నా ముఖము చూచి గునపము దాచిపెట్టిరి. త్రవ్వి చూడవలెనని చేతులు తహతహలాడినవి గాని, వదినగారు ముట్టరాదనిరి. ఆషాఢమాసమున నాలుగు వానలు పడిన తరువాత, గుమ్మడితీగ క్రింద, సురుటచుట్టవలె చుట్టుకొన్న ఊదామొలక యొకటి, దాని ప్రక్క మరియొకటి లేచినవి. అయిదారు దినములలో విప్పుకొనినవి. అవే మచ్చలు! నేను చెత్తకుప్ప దగ్గర నేలపై కూర్చుండి యేడ్చితిని. చూచినవా రేమనుకొందురో యని లోనికి పోయితిని. రెండవయాకును పదునైదు దినములలో నత్త తినివేసినది. మిగిలినదాని చుట్టు పొయ్యిబూడిద చల్లి, రాత్రులు దీపముతో పోయి నత్తల నేరివేసితిని. బూడిద వాన పడిన ప్రతిసారి మరల చల్లవలెను; తడిసినచో దానికి బలము లేదు.

పెంచువారికై నేను చేయు విధము చెప్పెదను. మాఘమున, దుంప నిద్రలో నుండగా, లోతు తక్కువై వెడల్పైన మట్టికుండీ తీసికొని, అడుగున ఇటుకముక్కలు పరచి, కుళ్లిన ఆకు రెండుపాళ్లు, తోటమన్ను ఒకపాలు, ఏటియిసుక ఒకపాలు కలిపి నింపి, రెండువ్రేళ్ల లోతున దుంపలు పెట్టుదును. తడి పెట్టను. వైశాఖపు జల్లులు కురియునప్పుడు కుండీని వానలో నుంచుదును. పూచు బలము గల దుంప అప్పుడు పూచును. చిన్నదుంప పూవును మాని ఆకునే వేయును, అందులకు నిరాశ పడనక్కరలేదు. ఆకు లేచిన తరువాత మన్ను ఎన్నడును ఎండరాదు, నీరు ఎన్నడును నిలువరాదు. మామిడిచెట్టు నీడ, ఉదయపు వెలుతురు చాలును. విశాఖ మధ్యాహ్నపు టెండ ఒక్కగంట తగిలిన ఆకు అంచులు మాడును. నెలకొకసారి పేడనీటి పైతేట బాగుగా పలుచన చేసి పోయుదును. ఆకు పసుపుబారుట మొదలుపెట్టగానే నీళ్లు మానివేయవలెను. చేయి ఆగదు, అయినను మానివేయవలెను.

ఆ మొదటి యేట మిగిలిన ఒక్క ఆకు క్రింద మాఘమున వెదకగా రెండు దుంపలు దొరకినవి. వదినగారు పంపినవి నాలుగు. వానిని వేరుకుండీలో పెట్టితిని, కలుపలేదు. మరుసటి యేట అత్తగారి కుండీలో రెండాకులే వచ్చినవి, పువ్వు లేదు. ఈ వైశాఖమున ఒక కాడ లేచినది. ఫోను చేయగా వదినగారు రెండవనాటి బండికే దిగివచ్చిరి. పెరటిలో పీట వేసికొని ఆ రెండు పూవుల ముందు చాలసేపు కూర్చుండిరి. నేను కాఫీ తెచ్చి ప్రక్కను పెట్టితిని. "అమ్మ పూజకు కోసెడిది కాదు గదా, దీనిని?" అని అడిగిరి. నాకు తెలియదంటిని.

ఇది వ్రాయునాటికి కార్తికము కడపటి దినములు. అయిదు ఆకులలో మూడు పసుపుబారినవి. మావారు కుండీమీద సున్నముతో 'నీళ్లు పోయరాదు' అని వ్రాసిరి. మా పనిమనిషి దయగలది. ఎండిన కుండీని చూచిన పోయక మానదు. అందుచే ఈ యేడు మెట్లక్రింద పెట్టునప్పుడు దానిమీద పాత మట్టిమూకుడు నొకదానిని బోర్లించుచున్నాను.